పిస్టల్ లైసెన్సుకు మెడికల్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి?

రివాల్వరో పిస్టలో దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది పోలీసు ఎంక్వయిరీ గురించే. డాక్టరు సర్టిఫికెట్ ఊసు దాదాపు ఎవరూ ఎత్తరు. తెలిసిన డాక్టరు చేత ఓ సంతకం పెట్టిస్తే సరిపోతుందనుకుంటారు. నేను మాత్రం శిక్షణకు వచ్చేవాళ్లను ముందు ఈ కాగితం దగ్గరే కూర్చోబెడతాను. మిగతా కాగితాలన్నీ మనమెవరం, ఎక్కడుంటాం అన్నవే చెబుతాయి. మన చేతికి తుపాకీ ఇవ్వొచ్చా లేదా అన్నది తేల్చే పరీక్ష మాత్రం డాక్టరు గదిలోనే జరుగుతుంది. అందుకని ఈ పని మొదటి నుంచి చివరిదాకా కలిసి చేద్దాం.

ముందు చట్టం ఏమంటోందో రెండు ముక్కల్లో తెలుసుకుందాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి, మతిస్థిమితం లేనివారికి లైసెన్సు ఇవ్వకూడదు. ఆ చట్టం కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు దరఖాస్తుతో పాటు మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నాయి. దీనికి ఎస్-3 అనే ఫారం ఉంది. అందులో మూడు సంగతులు ఉండాలి: మానసిక ఆరోగ్యం, శారీరక దారుఢ్యం, మద్యానికీ మత్తుపదార్థాలకూ బానిస కాదన్న స్పష్టమైన మాట. ఈ మూడోది లేకుండా వచ్చిన సర్టిఫికెట్‌ను ఆఫీసులో తిప్పి పంపేస్తారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డాక్టరు దగ్గరికి బయల్దేరేముందు ఇవన్నీ ఒక ఫైల్లో సర్దుకుందాం.

- ఎస్-3 ఫారం, ఖాళీది, రెండు ప్రతులు. ఒకటి కొట్టివేతలతో పాడైతే రెండోది ఉంటుంది.
- ఆధార్ లాంటి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. దరఖాస్తులో పేరు ఎలా రాస్తున్నామో ఇందులోనూ అలాగే ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉంటే ఇప్పుడే సరిచూసుకోవాలి.
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు.
- కళ్లద్దాలు. దూరానికి ఒకటి, చదవడానికి ఒకటి ఉంటే రెండూ. వినికిడి యంత్రం వాడేవాళ్లు అదీ.
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు. చీటీ దొరక్కపోతే మాత్రల అట్టలే తీసుకెళ్లండి. "తెల్లగా గుండ్రంగా ఉంటుంది డాక్టరుగారూ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.
- పాత ఆపరేషన్లు, ఆస్పత్రిలో చేరిన సందర్భాల డిశ్చార్జి కాగితాలు.

ఎలా చేయాలి?

1. ముందు ఆఫీసులో అడుగుదాం. జిల్లాల్లో అయితే కలెక్టరు కార్యాలయం, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో అయితే పోలీసు కమిషనర్ కార్యాలయం. నిబంధన ప్రకారం కనీసం ఎంబీబీఎస్ చదివిన డాక్టరు ఇస్తే చాలు. అయినా ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు సంతకమే కావాలని అడిగే చోట్లుంటాయి. సర్టిఫికెట్ ఎన్నాళ్ల లోపు తీసుకున్నదై ఉండాలో కూడా అప్పుడే కనుక్కోండి. ఈ రెండు ప్రశ్నలు వేయకుండా పరుగెత్తుకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికి వస్తుంటారు.

2. డాక్టరును ఎంచుకుందాం. మన ఊళ్లో జ్వరమొస్తే ఆదుకునే ఆర్‌ఎంపీ ఎంత మంచివాడైనా ఈ సర్టిఫికెట్ ఇవ్వలేడు. ఎంబీబీఎస్ లేని ఆయుర్వేద, హోమియో వైద్యులదీ చెల్లదు. తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన ఎంబీబీఎస్ కావాలి. సీలు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మన ఇంటి డాక్టరు ఎంబీబీఎస్ అయితే అంతకంటే మంచిది లేదు. మన ఆరోగ్య చరిత్ర ఆయనకు ముందే తెలుసు కాబట్టి.

3. ముందురోజు, ఆ పొద్దున. రాత్రి బాగా నిద్రపోవాలి. బీపీ మాత్ర, షుగరు మాత్ర రోజూ ఏ వేళకు వేసుకుంటామో ఆ వేళకే వేసుకుందాం. బీపీ చూడటానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. మెట్లెక్కి ఆయాసపడుతూ నేరుగా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపకండి. ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాక చూస్తేనే అసలు అంకె తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వాడేవాళ్లు "పరీక్షలో బయటపడుతుందేమో" అని వాటిని ఉన్నట్టుండి ఆపేస్తుంటారు. అల్ప్రాజోలం, క్లోనజెపాం లాంటివి చాలాకాలంగా వాడుతూ ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. లైసెన్సు కోసం ఆ పని అస్సలు చేయొద్దు.

4. డాక్టరుతో మాట్లాడదాం. ఈ మెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. లోపలికి వెళ్లగానే "సంతకం కోసం వచ్చానండీ" అనకండి. "ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు చేస్తున్నాను, నన్ను పరీక్షించి చెప్పండి" అనండి. మొదటి మాట వింటే ఆయన పెన్ను తీస్తారు, రెండో మాట వింటే పరీక్ష మొదలుపెడతారు.

ఆ తర్వాత చెప్పాల్సినవి వరసగా చెబుదాం. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తల తిరిగి పడిపోయామా, తలకు గట్టి దెబ్బ తగిలిందా, గుండె జబ్బు, షుగరు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లకు షుగరు ఒక్కోసారి బాగా పడిపోతుంది. అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఎక్కడున్నామో ఏం చేస్తున్నామో తెలియని స్థితి వస్తుంది. నడుముకు పిస్టల్ ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. షుగరు ఉన్నంత మాత్రాన అనర్హులం కాము. ఎంత తరచుగా పడిపోతోంది, ఆ లక్షణాలను మనం ముందే పసిగట్టగలుగుతున్నామా అన్నదే డాక్టరు చూస్తారు.

మద్యం సంగతి అడుగుతారు. మనవాళ్లలో చాలామంది కల్లును లెక్కలోకి తీసుకోరు. పెళ్లిళ్లలో తాగేది, వారాంతంలో తాగేది కూడా లెక్క కాదంటారు. అన్నీ చెప్పాలి. కొందరు డాక్టర్లు నాలుగు చిన్న ప్రశ్నలు వేస్తారు: తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా తాగుడు గురించి అంటే కోపం వచ్చిందా, తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చిందా. వీటిలో రెండింటికి అవునంటే ఇంకాస్త లోతుగా చూడాల్సిన అవసరం ఉందన్నమాట.

5. మనసు సంగతి దాచొద్దు. అందరూ భయపడేది దీనికే. "ఒకప్పుడు డిప్రెషన్‌కు మందులు వాడాను, చెబితే లైసెన్సు రాదు కదా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం ఇక్కడ మనకు అండగా ఉంది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ మానసిక వ్యాధి ఉన్నట్టు నిర్ధారించకూడదని అది చెబుతోంది. మానసిక వ్యాధి ఉందన్నంత మాత్రాన, న్యాయస్థానం అలా ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేనివారని అర్థం కాదనీ అదే చట్టం చెబుతోంది. అంటే చికిత్స తీసుకుని కోలుకున్న మనిషికి తలుపులు మూసుకుపోలేదు. అవసరమనుకుంటే డాక్టరు మనల్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. అది అవమానం కాదు. ఆయన అభిప్రాయం జతచేస్తే దరఖాస్తుకు బలమే.

అయితే ఈ మధ్య రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు, దేనిమీదా ఆసక్తి లేదు, చచ్చిపోతే బాగుండుననే ఆలోచనలు వస్తున్నాయి అంటే మాత్రం ఈ పని ఇక్కడితో ఆపుదాం. ఫైలు పక్కన పెట్టి ముందు సాయం తీసుకుందాం. టెలీ మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో మరొకరు అలాంటి దశలో ఉన్నా ఇదే మాట. మనం ఎంత ఆరోగ్యంగా ఉన్నా, ఆ ఇంట్లోకి తుపాకీ తెచ్చే సమయం అది కాదు. ఫారంలో ఈ ప్రశ్న ఉండదు. నేను మాత్రం ప్రతివారినీ అడుగుతాను.

6. కళ్లు, చెవులు, చేతులు. దూరపు చూపును ఆరు మీటర్ల దూరంలోని అక్షరాల చార్టుతో చూస్తారు. ముందు ఒక్కో కన్నూ విడిగా, తర్వాత రెండూ కలిపి. అరచేత్తో కన్ను మూసేటప్పుడు గట్టిగా నొక్కకండి, ఆ కన్ను తెరిచాక కాసేపు మసకగా ఉంటుంది. అద్దాలతో చూపు సరిపోతే ఇబ్బంది లేదు. నలభై దాటినవాళ్లు ఇంకో మాట అడగాలి: చాచిన చేతి దూరంలో చూపు ఎలా ఉంది? పిస్టల్‌తో గురిపెట్టేటప్పుడు మనం స్పష్టంగా చూడాల్సింది చివరనున్న ముందు సైటును. అది చదివే దూరమూ కాదు, రోడ్డు దూరమూ కాదు, మధ్యలో ఉంటుంది. రెండు పవర్ల అద్దాలున్నవాళ్లు అక్కడ తల పైకెత్తి వెతుక్కుంటారు.

చెవుల కోసం వెనక నిలబడి గుసగుసగా ఒక మాటో అంకెలో చెప్పి, తిరిగి చెప్పమంటారు. చెవుల్లో ఎప్పుడూ గుయ్‌మని మోత వినిపిస్తుంటే చెప్పండి. పిస్టల్ పేలితే వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఉన్న వినికిడిని కాపాడుకోవాలి.

చేతుల పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. రెండు చేతులూ ముందుకు చాచి వేళ్లు విడదీయమంటారు. కొందరు డాక్టర్లు వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పరుస్తారు. కంటికి కనపడని సన్నటి వణుకు కూడా ఆ కాగితం అంచులో అదురుగా కనిపిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, మందు మానేసిన మర్నాడైనా, ఒట్టి కంగారుకైనా అది అదరొచ్చు. అదిరితే బెదరకండి, కారణం తేల్చుకోవడానికే ఆ పరీక్ష. వేలితో ముక్కు, తర్వాత డాక్టరు వేలు, మళ్లీ ముక్కు తాకమనడం, గీత మీద నడవమనడం కూడా ఉండొచ్చు. బొటనవేలి కీళ్లనొప్పి ఉంటే ఇప్పుడే చెప్పండి. పిస్టల్ స్లైడు వెనక్కి లాగడానికి పట్టు బలం బాగా కావాలి.

7. సర్టిఫికెట్ అక్కడే చదువుదాం. చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకోకండి. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, మత్తుపదార్థాల గురించిన వాక్యం, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న సీలు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకోండి. కొట్టివేత ఉంటే పక్కన డాక్టరు పొట్టి సంతకం ఉండాలి, లేదంటే మన రెండో ప్రతి తీద్దాం. తర్వాత రెండు జిరాక్సులు, ఒక స్కాన్ కాపీ. అసలు ప్రతిని ఏ-1 దరఖాస్తు ఫారంతో కలిపి ఇస్తాం, కాపీ మన దగ్గర ఉంటుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

డాక్టరును చూడకుండానే సర్టిఫికెట్ తెప్పించుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముఖ్యమైన సమాచారం దాచి, లేదా తప్పు సమాచారం ఇచ్చి పొందిన లైసెన్సును సస్పెండ్ చేయడానికీ రద్దు చేయడానికీ చట్టంలోని 17వ సెక్షన్ అధికారికి వీలిస్తోంది. పైగా పరీక్ష జరగలేదు కాబట్టి మన చూపు, మన చెయ్యి ఎలా ఉన్నాయో మనకే తెలియదు.

ఇంకో పొరపాటు, సర్టిఫికెట్ మరీ ముందుగా తీసుకోవడం. మిగతా కాగితాలన్నీ సిద్ధమయ్యాకే డాక్టరు దగ్గరికి వెళ్దాం. సురక్షితంగా ఆయుధం వాడే శిక్షణ ధ్రువపత్రం కూడా అడుగుతారు, దానికి రోజులు పడతాయి. అది చేతికొచ్చాక దీనికి వెళ్తే తేదీ తాజాగా ఉంటుంది.

డాక్టరు "ఇప్పుడు ఇవ్వలేను" అంటే వాదించి, ఇంకో క్లినిక్కు పరుగెత్తడం కూడా చూస్తుంటాం. కంటిలో శుక్లం ఉంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు. మందు మోతాదు మారితే వణుకు తగ్గొచ్చు. ఎందుకు ఇవ్వలేదో, ఎన్నాళ్ల తర్వాత రమ్మంటారో అడిగి రాసుకుందాం.

సర్టిఫికెట్ సరిగ్గానే ఉన్నా లైసెన్సు రాకపోవచ్చు. పోలీసు నివేదిక, మనకు ఆయుధం అవసరమన్న కారణం, అన్నీ అధికారి తూస్తారు. తిరస్కరిస్తే కారణాలు రాతలో నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి భంగమని అధికారి భావిస్తే తప్ప, అడిగినవారికి వాటిని క్లుప్తంగా తెలపాలి కూడా. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు, గడువు మాత్రం ఆర్డరు చేతికందిన రోజే కనుక్కోండి.

లైసెన్సు వచ్చాక ఈ పని పూర్తయిందనుకోవడం చివరి పొరపాటు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఐదేళ్లలో చూపు మారుతుంది, కొత్త మందులు వస్తాయి. ఫిట్స్ మొదలైనా, మనసు బాగా కుంగినా గడువు తీరేదాకా ఆగొద్దు. డాక్టరును కలిసి, ఆయన సరేననేదాకా ఆయుధాన్ని లైసెన్సున్న డీలరు దగ్గరో పోలీస్ స్టేషన్లోనో డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.