హార్డు డిస్కు చెడిపోతే ఏం చేయాలి?

మన కంప్యూటరు గదిలోని పాత లాప్‌టాపు దసరా సెలవులకు ముందు ఆగిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. అందులో ఏముందో మాత్రం చాలామందికి తెలియదు. రెండేళ్ళుగా సెలవులకు ఇళ్ళకెళ్ళిన పిల్లలు తమ ఊళ్ళలో అవ్వల చేత, తాతల చేత పాడించి తెచ్చిన 41 పాటలు అందులో ఉన్నాయి. పెళ్ళి పాటలు, ధింసా పాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు. ఫోనులో జాగా చాలక అక్కడ చెరిపేశాం. అంటే ఇంకెక్కడా లేవన్నమాట. ఆ లాప్‌టాపు బాగుచేసేటప్పుడు సైన్సు మాస్టారి పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ముందుగా హార్డు డిస్కు అంటే ఏమిటో తెలుసుకుందాం. మనం చేసే పనంతా కంప్యూటరు దాచుకునే పెట్టె అది. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. లాప్‌టాపు డిస్కుల్లో చాలావాటికి ఆ పళ్ళెం గాజుదే, దానిపైన అయస్కాంత పూత వేస్తారు. సాధారణంగా అది నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. లెక్క కట్టండి, సెకనుకు 90 చుట్లు! దానిమీద చదివే, రాసే ముల్లు ఒకటి అటూ ఇటూ కదులుతుంది. దాన్ని హెడ్డు అంటారు. ఆ హెడ్డు పళ్ళేన్ని తాకదు. తిరిగే పళ్ళెం పుట్టించే గాలిమీద తేలుతూ ఉంటుంది. మధ్యలో ఖాళీ మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే చిన్న ధూళి కణం కూడా దానికి బండరాయి లాంటిది.

మొదటి హార్డు డిస్కును 1956లో ఐబీఎం కంపెనీ తయారుచేసింది. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్ళేలు కలిపినా అందులో పట్టింది 50 లక్షల అక్షరాలే. మన లాప్‌టాపు డిస్కు వెడల్పు రెండున్నర అంగుళాల వర్గం, అయినా 500 జీబీ. అంటే 50,000 కోట్ల బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు ఒక్కో గుర్తుకు మూడు కావాలి. అయినా మనకేమీ తక్కువ కాదు లెండి.

మరి ఎందుకు చెడిపోయింది? మన లాప్‌టాపు బ్యాటరీ ఎప్పుడో పోయింది. కరెంటు పోయినప్పుడల్లా టక్కున ఆగిపోయేది. వానాకాలంలో మన దగ్గర కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. రాస్తుండగా ఆగితే ఆ ఫైలు సగంలో ఉండిపోతుంది. దీనికి తోడు ఒక ఆదివారం సినిమా వేయడానికి, పొడుగు వైరుతో నడుస్తున్న లాప్‌టాపును అలాగే భోజనశాలకు మోసుకెళ్ళారు. అక్కడ బల్ల మీంచి జారింది. ఎవరు మోశారో ఇక్కడ రాయను, అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆగి ఉన్న డిస్కు పడితే బతకవచ్చు, ఎందుకంటే అప్పుడు హెడ్డు పక్కకు జరిగి నిలిచి ఉంటుంది. తిరుగుతున్న డిస్కు పడితే హెడ్డు పళ్ళేన్ని గీసేస్తుంది.

ఆ తర్వాత వారం రోజులు అది మనకు చెప్తూనే ఉంది, మనమే వినలేదు. ఒక ఫైలు తెరవడానికి ఐదు నిమిషాలు. మధ్యలో బిగుసుకుపోవడం. లోపల్నుంచి టక్... టక్... అని చప్పుడు. ఫ్యాను చప్పుడైతే గాలి వీచినట్టు ఒకే తీరుగా ఉంటుంది. ఇది గోడ గడియారంలా ఆగి ఆగి కొడుతుంది. హెడ్డు తన చోటు వెతుక్కుని దొరక్క వెనక్కి వచ్చినప్పుడు ఆ చప్పుడు వస్తుంది. చివరికి ఒకరోజు బూట్ డివైస్ దొరకలేదని నల్ల తెర మీద ఇంగ్లీషులో వచ్చింది.

అప్పుడు మనవాళ్ళు చేసిన పని, పదిసార్లు ఆపి, పదిసార్లు వేయడం. ఇదే చేయకూడదు. గీతపడ్డ డిస్కు తిరిగినకొద్దీ గీత పెద్దదవుతుంది.

ఆ మాట కనబడగానే డిస్కు పోయిందని అనుకోనక్కర్లేదు. మొదట పెన్‌డ్రైవు ఏదైనా గుచ్చి ఉందేమో చూడాలి. దాంట్లోంచి మొదలవ్వబోయి కంప్యూటరు ఆగిపోతుంది. (ఒకసారి మన గదిలో ఇదే జరిగింది, సాయంత్రం దాకా కంగారు పడ్డాం.) అది కాకపోతే, ఆన్ చేయగానే ఎఫ్2 మీట నొక్కి బయోస్ తెరవాలి. కొన్నింటిలో ఎఫ్10 గాని డిలీట్ గాని ఉంటుంది. అక్కడ డిస్కు పేరు కనిపిస్తే విండోస్ చెడి ఉండొచ్చు, లేదా డిస్కులో కొన్ని చోట్లు చెడి ఉండొచ్చు. పేరే లేకపోతే కనెక్టరు వదులై ఉండొచ్చు, లేదా డిస్కు పూర్తిగా పోయి ఉండొచ్చు. మనకు పేరు కనిపించింది. మాస్టారి ముఖం అప్పుడు కొంచెం తేటపడింది.

ఇక్కడ వార్డెన్ గారి స్టాకు రిజిస్టరు గుర్తుచేసుకోండి. స్టోరు రూములో ఏ బస్తా ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. రిజిస్టరు చిరిగినా బస్తాలు ఉన్నచోటే ఉంటాయి, వెతుక్కోవచ్చు. బస్తాలే చెమ్మకు ముక్కిపోతే రిజిస్టరు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. డిస్కులో కూడా ఫైళ్ళ పేర్లు, వాటి చోట్లు రాసుకునే పట్టిక ఉంటుంది. మన డిస్కులో పట్టికా కొంత చెడింది, బస్తాలూ కొన్ని చెడ్డాయి.

అందుకని ముందు కాపీ, తర్వాతే రిపేరు. విండోస్‌లో డిస్కును సరిచేసే ప్రోగ్రాం ఉంది గాని, అది సరిచేస్తూ ఆ జబ్బు డిస్కు మీదే రాస్తుంది. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దు అనే నొక్కాలి. టౌనులో ఒక షాపుకు తీసుకెళ్తే, పాతవి పోతాయి, కొత్తది వేసిస్తామన్నారు. మాస్టారు తిరిగి తెచ్చేశారు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఒక అన్నయ్య చెప్పాడు. చల్లటి పళ్ళెం మీద నీటి చెమ్మ పడుతుంది, ఇంకా చెడిపోతుంది. మూత విప్పి చూడటం అసలే కూడదు, ధూళి సంగతి పైన చెప్పాను కదా.

మాస్టారు ఇంకో కంప్యూటరులో లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవు తయారుచేసి, లాప్‌టాపును దాంట్లోంచి నడిపించారు. అప్పుడు చెడిన డిస్కును కదిలించకుండా చదవడం మట్టుకే చేయవచ్చు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడారు. దాని తెలివి ఏంటంటే, చెడ్డ చోటు తగిలితే అక్కడే పట్టుకు కూర్చోదు. దాటేసి ముందు బాగున్నవన్నీ వేరే డిస్కులోకి తెచ్చేస్తుంది, చివర్లో చెడ్డ చోట్లకు మళ్ళీ వెళ్తుంది. ఎంతవరకు అయిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. మనకు రెండు రాత్రులు, ఒక పగలు పట్టింది. ఆ కాపీలోంచే తర్వాత పాటలు వెతికి తీశాం.

ఇక మార్చడం. ఇది అనుకున్నంత కష్టం కాదు. చార్జరు పీకి, బ్యాటరీ తీసేయాలి. లోపల ఉండే బ్యాటరీ అయితే అడుగు మూత తెరవగానే ముందు దాని కనెక్టరు ఊడదీయాలి. పవరు మీటను కాసేపు నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు పోతుంది. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి ఇనుప కిటికీని ఒకసారి ముట్టుకోవాలి. మూతకు మర మేకులు తొమ్మిది ఉన్నాయి, అన్నీ ఒకే పొడవు కావు. కాగితం మీద లాప్‌టాపు బొమ్మ గీసి, ఏ చోటుది ఆ చోట పెట్టాం. పొట్టి మేకు చోట పొడుగుది బిగిస్తే లోపల పలక పగులుతుంది. డిస్కును పైకి లేపకుండా, కనెక్టరు నుంచి పక్కకు తిన్నగా జరపాలి. దానికున్న రేకు చట్రాన్ని విప్పి కొత్తదానికి బిగించాలి.

కొత్తది కొనేముందు పాతదాని రకం చూసుకోవాలి. మనది సాటా రకం, మందం 7 మిల్లీమీటర్లు. కొన్నిటికి 9.5 ఉంటుంది. కొత్త లాప్‌టాపుల్లో చాలావాటికి ఎం.2 అనే సన్నటి పట్టీ వస్తుంది, ఇందులో పట్టదు. మేము ఎస్‌ఎస్‌డి వేశాం. దాంట్లో తిరిగేది ఏదీ లేదు, చిప్పులే. బల్ల మీంచి పడినా హెడ్డు గీస్తుందన్న భయం లేదు. కానీ అదీ చెడిపోతుంది, చెడేముందు టక్ టక్ అని చెప్పకపోవచ్చు కూడా. దాన్ని తెచ్చి సర్వరోగ నివారిణి అనుకోవద్దు. విండోస్ ఎక్కించడానికి గంట పట్టింది. ఇప్పుడు లాప్‌టాపు అర నిమిషంలో తెరుచుకుంటోంది, బ్యాటరీ కూడా కొత్తది పెట్టించమని హెచ్.ఎం. గారిని అడిగాం.

41 పాటల్లో 38 తిరిగొచ్చాయి. రెండు సగం సగం వచ్చాయి, వాటిని పాడినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, మళ్ళీ పాడించుకోవచ్చు. ఒకటి అసలు రాలేదు. అది ఏడో తరగతి చెల్లెలి వాళ్ళ అవ్వ పాడిన నిద్ర పాట. ఆ అవ్వ గత చలికాలంలో చనిపోయింది. ఆ చెల్లెలికి ఈ మాట చెప్పడానికి మాస్టారికి రెండు రోజులు పట్టింది.

దసరాకు ఇంటికెళ్ళినప్పుడు ఆ చెల్లి వాళ్ళమ్మను అడిగింది. వాళ్ళమ్మకు మొదటి రెండు చరణాలే వచ్చు. ఆ రెండే పాడించి తెచ్చింది. కొత్త డిస్కులో ఒకటి, హెచ్.ఎం. గారి బీరువాలోని పెన్‌డ్రైవులో ఒకటి కాపీ పెట్టాం. మీ ఊళ్ళో మిగిలిన చరణాలు తెలిసినవాళ్ళుంటే కంప్యూటరు గదిలో ఆ చెల్లి పేరున్న నోటు పుస్తకంలో రాయండి.

— పదో తరగతి విద్యార్థి