కుప్పలో దాగిన పనివారు



"ఇది మట్టిలో కలిసిపోయే సంచే కదా ఫాదర్‌గారూ, ఎక్కడ పారవేస్తేనేమి?" పండుగలప్పుడు మన విచారణల్లో తరచుగా వినిపించే ప్రశ్న ఇది. 'కంపోస్టబుల్' అని అచ్చువేసిన ఆ సంచిని గూర్చి ఈ వారం తెలుసుకుందాం.

ఇట్టి సంచులలో చాలావాటిని పిండిపదార్థంతోపాటు పి.బి.ఎ.టి. అనే ఒక రకం పాలిస్టరు కలిపి తయారుచేస్తారు. అది పూసలదండ వంటి పదార్థం. ఇట్టి దండను తెంపగల బాక్టీరియాను కంపోస్టులో కనుగొన్నట్లు 1998లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేడు దానిని థెర్మోబిఫిడా ఫుస్కా అంటారు. సుమారు 50 - 55 డిగ్రీల వేడిలో అది చురుకుగా పెరుగుతుంది. అది విడిచే ఎంజైము దండను ముక్కలు చేస్తే, ఇతర సూక్ష్మజీవులు ఆ ముక్కలను తిని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తాయి.

మరి అంత వేడి ఎక్కడిది? చలికాలపు ఉదయాన పెంటకుప్పను కదిపితే ఆవిరి లేవడం రైతులందరూ ఎరుగుదురు. సూక్ష్మజీవులు చెత్తను తింటున్నప్పుడు పుట్టే వేడి అది. కుప్ప పెద్దదై, తడి, గాలి తగినంత ఉంటే 60 డిగ్రీలు కూడా దాటుతుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం ప్రకారం ఇట్టి సంచిలోని కర్బనంలో 90 శాతం 180 రోజులలోగా వాయువుగా మారాలి. అయితే ఆ పరీక్ష జరిగేది దాదాపు 58 డిగ్రీల వేడిలో! మురుగుకాలువలో ఆ వేడి లేదు. అక్కడ పడిన సంచి ఎంతో కాలం సంచిగానే ఉంటుంది. నీటికి అడ్డుపడుతుంది, ఆవు కడుపులో చేరుతుంది.

సర్వేశ్వరుడు మానవుని తోటలో ఉంచినది దానిని సాగుచేసి కాపాడుటకే (ఆదికాండము 2:15). వాడి పారవేసే సంస్కృతిని దివంగత ఫ్రాన్సిసు జగద్గురువులు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఖండించారు. సంచిమీది ఒక్క మాటను చూపించి, పిలాతువలె మనం చేతులు కడుగుకోలేము. కంటికి కనిపించని ఆ పనివారిని దేవుడు సిద్ధంగానే ఉంచాడు. వారికి తగిన చోటికి సంచిని చేర్చడం మన వంతు.

కనుక ముందు గుడ్డసంచి వాడండి. కంపోస్టబుల్ సంచి వాడవలసివస్తే మామూలు ప్లాస్టిక్‌తో కలపక, బాగా వేడెక్కే పెద్ద కంపోస్టు కుప్పకు చేర్చండి.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించండి: మన ఇంటి చెత్త చివరకు ఎక్కడికి చేరుతున్నది? వచ్చే విచారణ పండుగకు మనం ఏమి మానగలం?