ఉష్ణమండల ఆర్ద్ర అరణ్యాలలో వృక్షఛత్ర పరిణామం

ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఉష్ణమండల ఆర్ద్ర అరణ్యంలో వృక్షఛత్రం మారదని భావించడం సహజం. వాస్తవానికి చెట్లు కూలిన చోట ఖాళీ ఏర్పడటం, అందులో మొక్కలు ఎదగటం, ఛత్రం తిరిగి మూసుకోవటం నిరంతరం జరుగుతూనే ఉంటాయి. కావున ఇట్టి అరణ్యాన్ని ఖాళీ, ఎదుగుదల, పరిపక్వత అనే మూడు దశలలోని ఖండికల సముదాయంగా గ్రహించాలి.

ఖాళీ పరిమాణాన్ని బట్టి పునరుద్ధరణ మార్గం మారుతుంది. చిన్న ఖాళీలను పక్క చెట్ల కొమ్మలు, అంతకుముందే నీడలో వేచి ఉన్న మొక్కలు పూరిస్తాయి. పెద్ద ఖాళీలలో నేలపై పడే ఎండకు వెలుతురు కోరే జాతుల విత్తనాలు మొలకెత్తి, అతివేగంగా పెరుగుతాయి.

ప్యూర్టోరికోలోని లుకియో అరణ్యం ఇందుకు చక్కని ఉదాహరణ. 1989 సెప్టెంబరు 18న హ్యూగో తుపాను అక్కడి చెట్లను ఆకులు రాల్చి, కొమ్మలు విరిచి, కొన్నింటిని కూల్చివేసింది. నిలిచిన చెట్లు తిరిగి చిగురించాయి. ఎండ సోకిన నేలలో సెక్రోపియా మొక్కలు దట్టంగా మొలిచాయి. ఒకదానితో ఒకటి వేర్లు కలుపుకొని నిలిచే టబొనుకో వృక్షాలు గాలిని బాగా తట్టుకున్నాయి. ఆ తరువాత 1998లో జార్జెస్, 2017లో మరియా తుపానులు అదే అరణ్యాన్ని మళ్ళీ తాకాయి. అనగా ఒక గాయం పూర్తిగా మానకముందే మరొకటి తగలవచ్చు.

ఆకుల కప్పు త్వరగా తిరిగి వచ్చినా, చెట్ల ఎత్తు, కాండాల పరిమాణం, జాతుల కూర్పు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. కేవలం ఛత్రశాతాన్ని చూస్తే కోలుకోని అరణ్యం కూడా కోలుకున్నట్లే కనిపిస్తుంది.

మన దేశంలో భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఛత్రసాంద్రత 70 శాతం, అంతకుమించి ఉంటే అతిదట్టమైన, 40 నుండి 70 శాతం లోపు ఉంటే మధ్యస్థ దట్టమైన, 10 నుండి 40 శాతం లోపు ఉంటే పలుచని అడవిగా వర్గీకరిస్తుంది. ఈ గణనలో జాతి, యాజమాన్యాల భేదం లేదు, తోటలూ చేరుతాయి.

కావున క్షేత్ర అధ్యయనంలో ఛత్రశాతంతో పాటు చెట్ల ఎత్తు, జాతులు, మొలకల సంఖ్యను శాశ్వత ఖండికలలో, ఒకే రుతువులో, ఒకే పద్ధతిలో పదేపదే నమోదు చేయాలి. అప్పుడే పచ్చదనానికీ పునరుద్ధరణకూ గల తేడా స్పష్టమవుతుంది.