మిల్లు ఎప్పుడు తిరగాలి? కరెంటు వేళల లెక్క

మాది దౌల్తాబాద్. చిన్నప్పుడు మా తాత మంచం పక్కన బ్యాటరీ లైటు, కర్ర ఎప్పుడూ ఉండేవి. "ఈ వారం మనది రాత్రి కరెంటు రా" అనేటోడు. అప్పట్లో బోర్లకు ఇచ్చేది ఏడు గంటల కరెంటు, అదీ విడతల్లో. అర్ధరాత్రి మోటరు వేయడానికి పోయి పాము కాటుకు గురైనవాళ్ల కథలు చాలానే విన్నాను. ఈఈఈలో చేరాక, క్లాసులో సారు బోర్డు మీద "డిమాండ్ రెస్పాన్స్" అని రాసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బ్యాటరీ లైటే.

అసలు సంగతి ఇది. గ్రిడ్‌లో ఏ క్షణానికి ఎంత వాడకం ఉంటే అంతే ఉత్పత్తి ఉండాలి. వాడకం ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది. మన దేశంలో దాన్ని 49.90, 50.05 మధ్య ఉంచాలని నియమం. జారితే దారులు రెండే: ఉత్పత్తి పెంచడం, లేదా వాడకాన్ని తగ్గించి ఇంకో వేళకు జరపడం. రెండో దారిలో పోవాలంటే లక్ష ఇళ్లను బతిమాలే కన్నా ఒక్క పెద్ద ఫ్యాక్టరీని అడగడం సులువు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మా పక్కనే తాండూరు. కరన్‌కోట సీసీఐతో పాటు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు పేరు. సిమెంటు ఫ్యాక్టరీ మొత్తాన్ని ఒకే లోడు అనుకుంటే తప్పు. కిల్న్ లోపల పదార్థం దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలుతుంది. దాన్ని ఉన్నట్టుండి ఆపితే లోపలి ఇటుకల పొర దెబ్బతింటుంది, మళ్లీ వేడెక్కించడానికి బోలెడు ఇంధనం కావాలి. కాబట్టి కిల్న్‌ను కదిలించలేం. సున్నపురాయి క్రషర్, క్లింకర్‌ను పొడి చేసే సిమెంటు మిల్లు మాత్రం అలా కాదు. క్లింకర్ నిల్వ ఉంటే, సైలోలో సిమెంటు ఉంటే, మిల్లు నాలుగు గంటలు ఆగినా లారీలు ఆగవు. అంటే ఇక్కడ సైలోనే బ్యాటరీ.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన రాష్ట్రంలో హెచ్‌టీ పరిశ్రమలకు ఏళ్లుగా నడిచిన పద్ధతి ప్రకారం సాయంత్రం 6 నుంచి 10 దాకా యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రి 10 తర్వాత తగ్గింపు. 3 మెగావాట్ల మిల్లును ఆ నాలుగు గంటలు ఆపితే 12,000 యూనిట్లు జరుగుతాయి. తప్పిన అదనం 12,000 రూపాయలు. తగ్గింపు కూడా రూపాయే అనుకుంటే ఇంకో 12,000. నెలలో 25 రోజులు ఇలా చేస్తే 6 లక్షలు!

కానీ రెండు షరతులు. ఒకటి, మిల్లు ఇప్పటికే 24 గంటలూ తిరుగుతుంటే జరపడానికి ఖాళీ వేళే ఉండదు. రెండు, అన్ని మెషిన్లూ రాత్రికే జరిపితే కాంట్రాక్టు డిమాండ్ దాటి, జరిమానా మిగిలిన డబ్బును మింగుతుంది.

ఇదే సూత్రం నీళ్లకూ వర్తిస్తుంది. కాళేశ్వరంలో లక్ష్మీపూర్ భూగర్భ పంప్‌హౌస్‌లో ఒక్కో మోటరు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. సాయంత్రం ఒక్కటి ఆపితే గ్రిడ్‌కు ఎంత ఊపిరో చూడండి. అక్కడ సైలో పని రిజర్వాయరు చేస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు ప్రకటించిన డేటా సెంటర్ లాంటి వాటిలోనూ అంతే: ఏఐ మోడల్ శిక్షణ రెండు గంటలు ఆగొచ్చు, మీ యూపీఐ పేమెంటు ఆగకూడదు.

అడగడం వేరు, కోయడం వేరు

2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వారానికో రోజు సెలవు, నిరంతరం నడవాల్సిన పరిశ్రమలకు సగం వాడకమే. వాడకం తగ్గింది నిజమే, కానీ కిల్న్‌కూ మిల్లుకూ తేడా చూడని కోత అది. మంచి పద్ధతిలో మూడు ఉండాలి: ముందు కబురు, ఏది ఆపాలో ఎంచుకునే వీలు, ఆపినందుకు ప్రతిఫలం. మా తాతకు ఈ మూడింటిలో ఒక్కటీ దక్కలేదు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే మోటరు తిరగాలని ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. ఊళ్లో అందరూ అదే పని చేస్తే కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలయ్యాక బ్యాటరీ లైటు అటక ఎక్కింది.

ఇంకో మాట. మా బావ ఓ ఫ్యాక్టరీలో మిల్లు ఆపరేటర్. దసరాకు వచ్చినప్పుడు నా 6 లక్షల లెక్క గొప్పగా చూపించిన. "రూపాయి వాళ్లకు మిగిలింది బామ్మర్దీ, నిద్ర మాకు పోయింది" అన్నడు. నా లెక్కలో ఆ గడి లేనే లేదు.

ఆ గడి ఇప్పుడు మారొచ్చు. సోలార్ పెరిగాక చవక కరెంటు మధ్యాహ్నానికి జరుగుతోంది. 2023లో కేంద్రం సవరించిన నియమాల ప్రకారం ఎండ గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో పరిశ్రమలకు కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలి. ఆ ధరలు పూర్తిగా అమల్లోకొస్తే మిల్లు పగలు తిరుగుతుంది, మా బావ రాత్రి పడుకుంటాడు.

మీకో చిన్న పని. మన హాస్టల్ నీళ్ల మోటర్లు ఏ వేళ తిరుగుతున్నాయో ఒక వారం రాసి పెట్టండి. సాయంత్రం 6 దాటాక తిరుగుతుంటే, మన సైలో ఎక్కడుందో ఒకసారి తలెత్తి చూడండి. హాస్టల్ పైకప్పు మీదే ఉంది.