ఒకే కంటైనర్‌లో రెండు సర్వీసులా? డెవాప్స్ ఇంటర్వ్యూకి ఇలా సిద్ధమవ్వండి

‘ఒకే డాకర్ కంటైనర్‌లో వెబ్ సర్వర్, డేటాబేస్ రెండూ నడపొచ్చా?’ డెవాప్స్, క్లౌడ్ ఉద్యోగాలకు వెళ్లే ఫ్రెషర్లు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. ‘నడపకూడదు’ అని బట్టీ పట్టిన జవాబు చెప్పి ఆగిపోతే మార్కులు పడవు. నిజానికి నడపొచ్చు. ఎందుకు వద్దంటారో, ఎప్పుడు తప్పదో వివరించగలగడమే అసలు నైపుణ్యం.

కీలకం పీఐడీ 1

కంటైనర్‌లో మొదట మొదలయ్యే ప్రాసెస్‌కు ప్రాసెస్ ఐడీ (పీఐడీ)గా 1వ నంబరు వస్తుంది. అది బతికున్నంతసేపే కంటైనర్ నడుస్తుంది. మామూలుగా డాకర్ గమనించేది కూడా దాన్నే. పక్కన రెండో సర్వీసు ఆగిపోయినా డాకర్‌కు పట్టదు. రెండింటి లాగ్‌లు కలగాపులగమవుతాయి. ఒక్కదాన్ని అప్‌డేట్ చేయాలన్నా రెండూ ఆపాల్సిందే. వెబ్ సర్వర్ మీద లోడ్ పెరిగితే దాన్ని మాత్రమే పెంచుకునే వీలుండదు.

చేసి చూడండి

ల్యాప్‌టాప్‌లో డాకర్ ఉంటే చాలు. ఒక షెల్ స్క్రిప్టు రాసి, డేటాబేస్‌గా రెడిస్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో, వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్‌ను ఫోర్‌గ్రౌండ్‌లో మొదలుపెట్టండి. కంటైనర్ నడుస్తుండగా లోపలికి వెళ్లి రెడిస్‌ను కిల్ చేయండి. బయటికొచ్చి ‘డాకర్ పీఎస్’ కొడితే స్టేటస్ ‘అప్’ అనే ఉంటుంది. తర్వాత ‘డాకర్ స్టాప్’ ఇవ్వండి. ఆగమని చెప్పే సిగ్‌టర్మ్ సిగ్నల్ పీఐడీ 1 అయిన స్క్రిప్టు దగ్గరే ఆగిపోతుంది, సర్వీసులకు చేరదు. డాకర్ 10 సెకన్లు చూసి, బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్ పంపుతుంది. ఎగ్జిట్ కోడ్ 137 అని కనిపిస్తుంది: 128కి సిగ్‌కిల్ నంబరు 9 కలిపితే వచ్చేది అదే. డేటాబేస్ ఇలా హఠాత్తుగా ఆగితే డేటాకే ముప్పు.

పరిష్కారాలు

మొదటిది, డాకర్ కంపోజ్‌తో రెండు కంటైనర్లుగా విడదీయడం. తప్పనిసరిగా కలిపే ఉంచాల్సి వస్తే సూపర్‌వైజర్‌డీ, ఎస్6, రనిట్ లాంటి ప్రాసెస్ మేనేజర్ వాడాలి. గిట్‌ల్యాబ్ అధికారిక డాకర్ ఇమేజ్ ఇందుకు మంచి ఉదాహరణ. పోస్ట్‌గ్రెస్, రెడిస్, ఎన్‌జిన్‌ఎక్స్ అన్నీ అందులోనే రనిట్ అజమాయిషీలో నడుస్తాయి. ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవాలనుకునేవారికి అది సౌకర్యం. అయితే డాకర్ గమనించేది పీఐడీ 1నే కాబట్టి, ప్రాసెస్ మేనేజర్ పెట్టినా సర్వీసులు పనిచేస్తున్నాయో లేదో చూసే హెల్త్‌చెక్ రాయడం మరవొద్దు. కుబర్నెటిస్‌లోనైతే ఒకే పాడ్‌లో ప్రధాన కంటైనర్ పక్కనే తోడుగా సైడ్‌కార్ కంటైనర్ పెట్టడం మరో దారి.

రెజ్యూమెలో ఇలా

‘డాకర్ తెలుసు’ అని ఒక్క మాట రాస్తే ఎవరూ ఆగి చూడరు. పై ప్రయోగాన్ని షెల్ స్క్రిప్టు, సూపర్‌వైజర్‌డీ, కంపోజ్ ఇలా మూడు పద్ధతుల్లో చేసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెడిస్‌ను చంపినప్పుడు, కంటైనర్‌ను ఆపినప్పుడు దేనిలో ఏం జరిగిందో రీడ్‌మీలో రాయండి. దీనికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు, ఓ వారాంతం కేటాయిస్తే చాలు. సొంతంగా చేసి చూసినవారికి ఎదురుప్రశ్న వస్తే తడబాటు ఉండదు. ఆ తేడా ఇంటర్వ్యూ చేసేవారికి వెంటనే తెలిసిపోతుంది.