సలహా చెప్పే మాటలు: హిందీలో తెలుగువారికి ఎదురయ్యే చిక్కులు

ఉత్తర భారతదేశంలోని కార్యాలయాలలో తరచుగా రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తుంటాయి. గోడకు బిగించిన బల్ల మీద 'సూచనా పట్ట్' అని ఉంటుంది. తాళం వేసిన చిన్న పెట్టె మీద 'సుఝావ్ పేటీ' అని ఉంటుంది. హిందీని పాఠ్యపుస్తకంలో నేర్చుకొని వెళ్ళిన తెలుగు విద్యార్థి తన సూచనకు తగిన చోటు మొదటిదే అనుకోవడం సహజం. కాని అది నోటీసు బోర్డు. అతని సూచన చేరవలసినది ఆ పెట్టెలోకి.

తెలుగుకూ హిందీకీ మధ్య సంస్కృతం వంతెన వంటిదని అంటుంటారు. చాలావరకు అది నిజమే. భూమి, ఆకాశం, పుస్తకం వంటి మాటలకు నిఘంటువుతో పని లేదు. కాని సలహా చెప్పడం, ప్రతిపాదించడం, అభ్యర్థించడం, అంగీకరించడం అనే వ్యవహారంలోకి వచ్చేసరికి ఈ వంతెన మీద ఆచితూచి నడవవలసి ఉంటుంది. మాట ఒకటే, అర్థం మాత్రం ఒక్కొక్క భాషలో ఒక్కొక్క దారి పట్టింది. తెలియని మాట ఎదురైతే చదువరి ఆగి నిఘంటువు తెరుస్తాడు. తెలిసినట్లుండే మాట ఎదురైతే ఆగడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

'సూచన' అనే మాటనే తీసుకుందాం. సంస్కృతంలో దీనికి గుర్తు చూపడం, తెలియజేయడం అని అర్థం. 'వర్ష సూచన' అన్నప్పుడు తెలుగులో ఆ పాత అర్థం నేటికీ నిలిచి ఉన్నది. అయితే వాడుకలో మనకు సూచన అంటే ప్రధానంగా 'ఇలా చేస్తే బాగుంటుంది' అని చెప్పడమే. హిందీ 'తెలియజేయడం' అనే అర్థాన్ని పట్టుకొని సమాచారం వైపు సాగిపోయింది. అందుచేతనే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం హిందీలో 'సూచనా కా అధికార్ అధినియమ్' అయినది. సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ అక్కడ 'సూచనా ఔర్ ప్రసారణ్ మంత్రాలయ్'. 'ఆప్‌కో సూచనా దీ జాతీ హై' అని ఉత్తరం వస్తే అది సలహా కాదు. పాటించాలా వద్దా అని తర్కించుకోవడానికి అవకాశం లేని ప్రకటన. తెలుగు సూచనకు హిందీలో సరియైన మాట 'సుఝావ్'. ఇది 'సూఝ్‌నా' అనే క్రియ నుంచి వచ్చినది. 'నాకొక ఉపాయం తోచింది' అనే వాక్యంలోని తోచడమే సూఝ్‌నా. తనకు తోచినది ఎదుటివారికి తోపింపజేయడం సుఝావ్. ఇంత చక్కని దేశి పదం ఉండగా దానిని వదలి సంస్కృత పదం కోసం వెదకడం తెలుగు విద్యార్థులలో కనిపించే అలవాటు.

ఇంతకంటె నష్టం కలిగించేది 'ప్రస్తావ్'. హిందీలో ప్రస్తావ్ అంటే ప్రతిపాదన. చట్టసభలో అయితే సభ ముందు పెట్టిన తీర్మానం. అవిశ్వాస తీర్మానం అక్కడ 'అవిశ్వాస్ ప్రస్తావ్'. 1946 డిసెంబరు 13న జవహర్‌లాల్ నెహ్రూ రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టగా 1947 జనవరి 22న సభ ఆమోదించిన లక్ష్యాల తీర్మానం హిందీ గ్రంథాలలో 'ఉద్దేశ్య ప్రస్తావ్'. తెలుగులో ప్రస్తావించడమంటే మాటవరసకు ఎత్తడం మాత్రమే. ఒక సంఘం సమావేశపు నివేదికలో 'సదస్య్ నే ప్రస్తావ్ రఖా' అని ఉన్నదనుకుందాం. దానిని 'సభ్యుడు ఈ విషయం ప్రస్తావించాడు' అని తెలిగిస్తే వాక్యం నిర్దోషంగానే కనిపిస్తుంది. కాని ప్రతిపాదన మాయమైపోయింది! ప్రస్తావించినదానికి బలపరచేవారు అక్కరలేదు, ఓటింగు అక్కరలేదు, సమాధానం కూడా అక్కరలేదు. ఎవరో శ్రమపడి సభ ముందుంచిన కోరిక ఒక్క క్రియాపదం వల్ల కబురుగా మిగిలిపోతుంది.

సంసదీయ హిందీలో తీర్మానానికి మరొక మాట 'సంకల్ప్'. తెలుగువారికి సంకల్పం అనగానే పూజకు ముందు చెప్పుకొనేది స్ఫురిస్తుంది. ఇక సభ 'ఆమోదించింది' అనడానికి హిందీలో 'ఆమోద్' వాడితే వినేవారు నవ్వుతారు. అక్కడ ఆమోద్ అంటే వినోదం, ఉల్లాసం. కావలసిన మాట 'అనుమోదన్'.

'ఆలోచన', 'విచారం' అనే రెండు మాటలు కలిసి పన్నే వల ప్రత్యేకంగా చెప్పదగినది. తెలుగువాడు మర్యాదగా 'మీ ప్రతిపాదన గురించి ఆలోచిస్తాం' అనదలచి 'హమ్ ఆప్‌కే ప్రస్తావ్ కీ ఆలోచనా కరేంగే' అన్నాడంటే, అవతలివారికి వినిపించేది 'మీ ప్రతిపాదనను విమర్శిస్తాం' అని. హిందీలో ఆలోచనా సాహిత్య విమర్శకు పేరు, వాడుకలో తప్పులెన్నడం. అక్కడ ఆలోచించడానికి మాట 'విచార్ కర్‌నా'. ఆ సంగతి హిందీవారు తెలుగు నేర్చుకొనేటప్పుడు ఇక్కడ అడ్డం తిరుగుతుంది. 'మేరా విచార్ హై' అన్నదానిని 'నా విచారం' అని అనువదిస్తే, పాపం, అభిప్రాయం చెప్పబోయిన మనిషి దుఃఖం వెళ్ళబోసుకుంటున్నట్లు ఉంటుంది.

వీటన్నిటికంటె మనస్సులు నొప్పించగలిగేది 'ఆగ్రహ్'. హిందీ లేఖలలో 'ఆప్‌సే ఆగ్రహ్ హై కి' అని మొదలయ్యే వాక్యం గట్టి విన్నపం, కాదనవద్దని బతిమాలడం. తెలుగులో ఆగ్రహం కోపమే. సంస్కృత ధాతువుకు గట్టిగా పట్టుకోవడం అని అర్థం. హిందీ పట్టుదలను ఉంచుకొన్నది, తెలుగు ఆ పట్టుదలలోని వేడిని తీసుకొన్నది. దక్షిణాఫ్రికాలో తన ఉద్యమానికి పేరు వెదుకుతూ గాంధీజీ 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ద్వారా పాఠకులను అడిగినప్పుడు, మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహ' అనే మాట పంపగా, దానిని ఆయన 'సత్యాగ్రహ'గా మార్చుకొన్నారు. అక్కడ ఆగ్రహం సత్యాన్ని పట్టిన పట్టు. తెలుగు దేశంలో ఆ మాట ఉద్యమంతోపాటు వచ్చి స్థిరపడింది కనుక ఎవరూ దానిని సత్యం మీద కోపమని పొరబడలేదు. పేరుతోపాటు ఆచరణ కూడా కళ్ళకు కనిపిస్తే అర్థం తప్పిపోదన్నమాట. ఉత్తరానికి ఆ సదుపాయం లేదు.

రాజ్యాంగంలోని 351వ అధికరణం హిందీకి అవసరమైన పదజాలాన్ని ప్రధానంగా సంస్కృతం నుంచి, ఆ పైన ఇతర భాషల నుంచి గ్రహించాలని చెబుతున్నది. అయినా అదే రాజ్యాంగపు హిందీ పాఠంలో, 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి రాష్ట్రపతికి ఇచ్చేది 'సలాహ్'. 117వ అధికరణంలో ఆర్థిక బిల్లులకు కావలసినది రాష్ట్రపతి 'సిఫారిశ్'. ఈ రెండూ అరబ్బీ, పారసీ మూలాలవి. సలహా, సిఫారసు, మంజూరు, దరఖాస్తు అనే మాటలు శతాబ్దాల పరిపాలన ద్వారా తెలుగులోకి దాదాపు అదే అర్థంతో వచ్చినవే. కచేరీలో పుట్టిన మాట కచేరీలోనే తిరగడం వల్ల దాని అర్థం అంతగా చెదరలేదు కాబోలు. (74వ అధికరణంలోని సలహా, పేరుకు సలహాయే అయినా, పాటించి తీరవలసినది, 1976 నాటి 42వ సవరణ ఆ సంగతిని స్పష్టం చేసింది. 1978 నాటి 44వ సవరణ, ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలు రాష్ట్రపతికి కల్పించింది.) అయితే ఈ వర్గంలోనూ 'రాజీ' ఉన్నది. హిందీలో 'మైఁ రాజీ హూఁ' అంటే సంతోషంగా ఒప్పుకుంటున్నానని. తెలుగులో రాజీ పడడమంటే కొంత వదులుకోవడం. 'రాజీనామా' హిందీలో ఒడంబడిక పత్రం, తెలుగులో ఉద్యోగానికి స్వస్తి!

మాటలు సరిపోయినా వాక్య నిర్మాణం వేరొక పరీక్ష పెడుతుంది. 'మీరు వైద్యుడికి చూపించుకోవాలి' అనే తెలుగు వాక్యం సలహా కావచ్చు, ఏర్పాటు కావచ్చు, తప్పనిసరి కావచ్చు. గొంతును బట్టి తెలుసుకొంటాం. హిందీలో ఈ మూడింటికీ మూడు రూపాలున్నవి. 'దిఖానా చాహియే' అంటే సలహా, 'దిఖానా హై' అంటే జరగవలసి ఉన్న పని, 'దిఖానా పడేగా' అంటే తప్పించుకోలేని నిర్బంధం. తెలుగువారు మూడింటి స్థానంలోనూ ఒక్క 'హై' వాడడం వల్ల సలహా ఇచ్చేవారు ఆజ్ఞాపించేవారుగా కనిపిస్తారు. దీనికి విరుద్ధమైన ప్రమాదం మన 'రాదూ'లో ఉన్నది. 'ఆయననే ఒకసారి అడగరాదూ?' అన్నది ఎంతో ఆత్మీయమైన ప్రోత్సాహం. తెలంగాణలో 'నువ్వు గూడ రారాదు' అంటే వెంట రమ్మని పిలవడమే. అందులోని వ్యతిరేకార్థాన్ని చూసి 'మత్' చేర్చి అనువదిస్తే ఆహ్వానం నిషేధమవుతుంది. ఇక్కడ హిందీ నుడికారం 'పూఛ్ క్యోఁ నహీఁ లేతే?'.

అన్నిటికంటె లోతైన తేడా 'మనం' దగ్గర ఉన్నది. ప్రతిపాదన చేసేవాడు వినేవారిని కలుపుకుంటున్నాడా లేదా అన్నది తెలుగులో ఒక్క సర్వనామం తేల్చివేస్తుంది: మనం అంటే మీరూ మేమూ, మేము అంటే మీరు కాక. హిందీ 'హమ్' ఈ రెండింటికీ ఒకటే. 'హమ్ ఏక్ పుస్తకాలయ్ ఖోలేంగే' అని ఎవరైనా ప్రకటిస్తే, ఆ గ్రంథాలయంలో వినేవారి పాలు ఎంతో వాక్యం చెప్పదు. తమిళం, మలయాళం ఈ భేదాన్ని పాటిస్తాయి. నేటి కన్నడం దానిని పోగొట్టుకొన్నది. ఆర్య భాషా కుటుంబానికి చెందిన మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అనీ, గుజరాతీలో 'ఆపణే', 'అమే' అనీ ఈ భేదం చక్కగా నిలిచి ఉన్నది. హైదరాబాదు వీథులలోని దక్కనీలో వినిపించే 'అపన్' కూడా ఈ కోవలోనిదే. భాషాకుటుంబాల గీతలను ఇరుగుపొరుగు చెరిపివేయడానికి ఇది మంచి నిదర్శనం.

ప్రామాణిక హిందీలో ఈ లోటు తీర్చుకొనే మార్గాలు లేకపోలేదు. 'హమ్ సబ్', 'హమ్ ఔర్ ఆప్ మిల్‌కర్' అని విడమరచడం ఒకటి. 'క్యోఁ న హమ్...' అని ప్రశ్నగా మొదలుపెడితే వినేవారికి సహజంగానే చోటు దొరుకుతుంది. అతి సులభమైనది 'చలియే'. మాట ప్రకారం అది 'మీరు నడవండి' అనే మన్నింపు ఆజ్ఞ. అర్థంలో చెప్పేవాడు కూడా వెంట నడుస్తాడు. తెలుగు విద్యార్థికి దీనిని వివరించడానికి వ్యాకరణ సూత్రమేదీ అక్కరలేదు. 'పదండి' అంటే చాలు.