సంకీర్తనకు స్వరసేవ : శ్రీ నేదునూరి కృష్ణమూర్తిగారు

శ్రీమద్భాగవతమున ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఈ వరుస యాదృచ్ఛికము కాదు. ముందు వినవలెను, పిదప పాడవలెను. వినకుండ పాడినవాని పాట గాలిపాట యగును. వినిన దానిని మనసున నిలుపుకొని, అర్థమెరిగి, మరల స్వామికి సమర్పించుటయే కీర్తనము. ఈ క్రమమును జీవితాంతము పాటించి, గాయకులుగను, స్వరకర్తలుగను, ఆచార్యులుగను తెలుగువారికి మహోపకారము చేసిన విద్వాంసులు శ్రీ నేదునూరి కృష్ణమూర్తిగారు. వారు చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న మొదట శాస్త్రవిషయము కొంత తెలిసికొనవలెను.

పాటలో రెండు అంశములు కలవు. పదములతో కూడిన సాహిత్యమునకు మాతువని, దానిని నడిపించు స్వరరచనకు ధాతువని శాస్త్రకారులు పేరు పెట్టినారు. మాతు ధాతువులు రెండింటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున వాగ్గేయకారుని లక్షణములను విస్తరించి చెప్పినాడు. వ్యాకరణము, ఛందస్సు, అలంకారము, రసభావములు, దేశభాషలు, తాళలయలు ఇవన్నియు తెలిసియుండవలెనని ఆయన నిర్ణయము. ఒకరు కూర్చిన ధాతువునకు మాతువు రచించువానిని కుట్టికారుడనుట కూడ శాస్త్రమున కలదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల విషయమున మన కాలమునకు కావలసి వచ్చినది దీనికి విలోమమైన పని. అచట మాతువు నిలిచినది, ధాతువు మరుగుపడినది.

అన్నమాచార్యులు (1408–1503) ముప్పదిరెండు వేల సంకీర్తనలు పాడినారని వారి మనుమడు చిన్నన్న చెప్పినాడు. తాళ్ళపాకవారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమున భద్రపరచినారు. కాలము గడచిన కొలది ఆ రేకుల ఉనికియే లోకమునకు తెలియకపోయినది. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున శ్రీ సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితుల కృషివలన అవి మరల వెలుగు చూచినవి. రేకులపై ప్రతి సంకీర్తనకు రాగము పేరు కలదు. ఆ పాట యే స్వరములతో ఎట్లు నడిచినదో తెలుపు స్వరలేఖనము మాత్రము లేదు. తండ్రినుండి కుమారునకు, గురువునుండి శిష్యునకు వచ్చిన గానపరంపర నడుమ తెగిపోయినది.

రాగము పేరున్నది కదా, ఆ రాగమున పాడిన చాలునని యెవరైన అనవచ్చును. రాగములకును కాలగతి కలదు. ఆ పేర్లలో కొండమలహరి, ఆబాలి, అమరసింధు వంటివి నేడు గాయకుల వాడుకలో లేవు. వాడుకలో ఉన్న పేర్లకైనను నాటి రూపమే నేడున్నదని నమ్మరాదు. ముఖారి నుదాహరణముగా తీసికొందము. 1550 లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి శుద్ధస్వరముల మేళము. అది నేటి కనకాంగికి సమానమైనది. ఇప్పుడు మనము పాడు ముఖారి ఖరహరప్రియ జన్యము. పేరొకటి, రూపమొకటి. కావున రేకుపై చూచిన పేరును పట్టుకొని పాడినంత మాత్రమున అన్నమయ్య పాడిన పాట మనకు దొరకదు.

అట్లని ఆ సాహిత్యము పుస్తకములలోనే ఉండిపోవలెనా? పాడుటకు పుట్టిన పదము చదువుటతో తృప్తిపడునా? ఈ ప్రశ్నకు సమాధానముగా మొదట పూనుకొనినవారు శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979). వారు సంకీర్తనలను పరిష్కరించుటయే గాక అనేక సంకీర్తనలకు స్వరకల్పన చేసి దారి చూపినారు. ఆ దారిని విశాలము చేసినవారిలో నేదునూరివారు ముఖ్యులు.

కృష్ణమూర్తిగారు 1927 అక్టోబరు 10వ తేదీన తూర్పుగోదావరి మండలమున పిఠాపురము సమీపమునందలి కొత్తపల్లిలో జన్మించినారు. 1940 లో విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో చేరి, శ్రీ ద్వారం నరసింగరావు నాయుడుగారి వద్ద గాత్రమును, వాయులీనమును అభ్యసించినారు. 1949 నుండి శ్రీ శ్రీపాద పినాకపాణిగారి (1913–2013) శిక్షణ లభించినది. పినాకపాణిగారు వృత్తిచేత వైద్యులు, ప్రవృత్తిచేత సంగీతాచార్యులు. పాటను గమకముతో సహా యథాతథముగా స్వరపరచి వ్రాయుటయందు వారు అందెవేసిన చేయి. ఆ గురువువద్ద శిష్యుడు నేర్చినది పాటల పట్టికను మాత్రమే కాదు. ఒక స్వరమునకు ఎంత ఊపు, ఒక పదమునకు ఎంత విశ్రాంతి, ఒక సంగతి తరువాత ఏ సంగతి రావలెను అను వివేకమును నేర్చినారు. తరువాతి కాలమున వారి స్వరరచనకు ఈ వివేకమే పునాది యైనది.

సంగీత కచేరీలలో వారి కీర్తి తెలుగునేల దాటి దక్షిణదేశమంతట వ్యాపించినది. మద్రాసు సంగీత విద్వత్సభ వారికి 1991 లో సంగీత కళానిధి బిరుదము నొసగినది. తిరుమల తిరుపతి దేవస్థానములకు వారు ఆస్థాన విద్వాంసులు. ఉద్యోగరీత్యా విజయవాడ, విజయనగరము, సికింద్రాబాదు, తిరుపతి కళాశాలలకు ప్రధానాచార్యులుగా పనిచేసి 1985 లో విరమించినారు. నూటికి పైగా అన్నమాచార్య సంకీర్తనలకు, మరికొన్ని భద్రాచల రామదాసు కీర్తనలకు వారు స్వరములు కూర్చినారు.

వారి పద్ధతి యెట్టిదో మూడు సంకీర్తనలను చూచిన తెలియును.

‘ఒకపరి కొకపరి’ అను సంకీర్తనలో స్వామి తిరుమేనికి కర్పూరధూళి చల్లుట, తట్టుపునుగు పూయుట మొదలైన సేవ వర్ణితము. ఒక్కొక్క ద్రవ్యము చేరినకొలది ముఖకాంతి ఇంతకంటె ఇంత యని పెరుగుచున్నదని కవి ఆశ్చర్యపడును. దీనిని నేదునూరివారు ఖరహరప్రియలో కూర్చినారు. ఏడు స్వరములతో సంపూర్ణమై, విస్తారమునకు వీలైన రాగమది. సంగతి యనగా పాటలోని ఒక పంక్తిని మరల మరల కొంచెము కొంచెము పెంచి పాడుట. ఇచట పల్లవి చెప్పు అర్థమే మాటిమాటికి పెరుగుట. అట్టి పల్లవిని సంగతులతో పాడినప్పుడు సంగతి పెరుగుటయు, సొగసు పెరుగుటయు ఒక్కటియే యగును. శుక్రవారపు అభిషేకమును దర్శించిన భక్తునకు ఈ సంబంధము వేరుగ చెప్పనక్కరలేదు.

‘ఏమొకో’ అను శృంగార సంకీర్తన వేరొక తీరు. నాయిక యగు అమ్మవారి యధరమున కనబడు కస్తూరి యేమైయుండునో యని చెలికత్తెలు సందేహపడి ఊహలల్లుదురు. గట్టిగా చెప్పిన చెడిపోవు రహస్యమది. దీనికి తిలంగు రాగము. హరికాంభోజి జన్యమై, హిందుస్థానీ సంప్రదాయమునను ప్రసిద్ధమై, మృదువుగ నడచు రాగమిది. చెలుల గుసగుసకు అది తగియున్నది.

‘నానాటి బ్రతుకు’ వైరాగ్యబోధ. పుట్టుట, పోవుట కంటికి కనబడుచుండగా నడుమ నడచునది నాటకమని, దానికి ఆవల ఉన్నది కైవల్యమని ఇందలి భావము. దీనికి రేవతిని ఎన్నుకొనినారు. ఇందు షడ్జమము, శుద్ధరిషభము, శుద్ధమధ్యమము, పంచమము, కైశికి నిషాదము అను ఐదు స్వరములే కలవు. గాంధార ధైవతములు లేవు. వేదఘోషను తలపించు రాగము. లోకమును విడువుమని చెప్పు మాటకు ఆభరణములు తక్కువగా ఉన్న రాగమే ఒప్పును.

ఇచట ఒక ఆక్షేపము కలదు, దానిని త్రోసివేయరాదు. రేకుపై ఉన్న రాగమును విడిచి మరియొక రాగమున పాడుట అపచారము కాదా? కవి హృదయమునకు మనము పరాయివారమగుదుము కదా? ఈ ప్రశ్న వేసినవారు భక్తిలేనివారు కారు. సంప్రదాయముపై ప్రీతిచేతనే వారట్లు అడుగుదురు. దీనికి ఆలయమే సమాధానము చెప్పుచున్నది. మూలవిరాట్టు ఒక్కడే, మార్పు లేనివాడు. అలంకారము దినమునకొక తీరుగ మారును. ఈనాటి పూలమాల నిన్నటి మాల కాదని యెవరును దుఃఖింపరు. సంకీర్తనకు సాహిత్యము మూలమూర్తి, వర్ణమెట్టు అలంకారము. అయితే అలంకారమునకు ఒక నియమము కలదు. అది మూర్తిని కప్పివేయరాదు. స్వరము కొరకు పదమును విరుగగొట్టుట, తాళము కొరకు దీర్ఘమును హ్రస్వము చేయుట, రాగవైభవము కొరకు అర్థమును మరచుట ఇవి మూర్తిని కప్పివేయు అలంకారములు. రాగము మారినదా యని అడుగుటకు ముందు, పదము నిలిచినదా యని అడుగవలెను. ఈ పరీక్షకు నేదునూరివారి రచనలు నిలిచినవి.

శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు దేవస్థానముల కొరకు పాడిన బాలాజీ పంచరత్నమాలలో ‘నానాటి బ్రతుకు’ చేరి ఇంటింట వినబడినది. తెలుగు తెలియని ప్రాంతములవారును దానిని పాడుచున్నారు. పాడువారిలో చాలమందికి ఆ వర్ణమెట్టు కూర్చినవారెవరో తెలియదు. అన్నమయ్యయే అట్లు పాడినాడని అనుకొనువారును కలరు. లౌకికదృష్టికి ఇది స్వరకర్తకు నష్టము. భక్తిదృష్టికి ఇంతకు మించిన ఫలము లేదు. మాల కట్టినవాని పేరు మాలపై ఉండదు కదా! అయినను, స్వామి మెడలోని మాలను చూచి ఆనందించువారు కట్టిన చేతులను ఒకమారు తలచుకొనుట ధర్మము. ఆ కృతజ్ఞత లోపించినచో రేపు మాల కట్టువారే కరవగుదురు.

ఆచార్యులుగా వారు చేసిన సేవ దీనికి తీసిపోదు. తెగిన పరంపర యెంత నష్టము కలిగించునో రాగిరేకులే సాక్ష్యము. అందుచేత వారు తాము కూర్చిన సంకీర్తనలను స్వరసహితముగ గ్రంథరూపమున ప్రకటించినారు. గ్రంథముతో తృప్తిపడక శిష్యులకు ముఖతః నేర్పినారు. కాగితముపై స్వరము నిలుచును, గమకము కంఠమునుండి కంఠమునకే దిగును. మల్లాది సోదరులుగా ప్రసిద్ధులైన శ్రీరామప్రసాద్, రవికుమార్ వారి శిష్యులలో ముఖ్యులు. 2014 డిసెంబరు 8వ తేదీన కృష్ణమూర్తిగారు విశాఖపట్టణమున పరమపదించినారు. ఆనాటికి వారి పాట ఇతరుల కంఠములలో సుస్థిరముగ నెలకొనియున్నది.

వారి జీవితమునుండి గృహస్థులు గ్రహింపదగిన పాఠము సులభమైనది. పిల్లలకు సంకీర్తన నేర్పునపుడు మొదట సాహిత్యమును చదివింపవలెను. పదములను విడదీసి అర్థము చెప్పవలెను. ఎవరు రచించినారు, ఎవరు స్వరపరచినారు అను రెండు పేర్లును తెలుపవలెను. తరువాత తెలిసినవారి వద్ద కూర్చుండబెట్టి వినిపింపవలెను. అటుపిమ్మటనే పాడింపవలెను. నూరు పాటలు తప్పుగ వచ్చుటకంటె ఒక్క పాట పదశుద్ధితో, భావశుద్ధితో వచ్చుట మేలు. ఆ యొక్క పాటను శనివారము సాయంకాలము దీపము వెలిగించి ఇంటిల్లిపాదియు కూర్చుండి పాడుకొనినచో శ్రవణ కీర్తనములు రెండును ఆ యింట నెలకొనును. అట్టి గృహములను శ్రీనివాసుడు కటాక్షించుగాక.